అలిసినప్పుడు ముందు జారేది ఏది? ఈత నేర్పేవాళ్ళకి నా నోట్‌బుక్ నుంచి కొన్ని పేజీలు

మా అమ్మ హిందూపురంలో చీరలకి ఫాల్ కుట్టేది. మామూలు రోజుల్లో ఎనిమిది, పండగలప్పుడు పన్నెండు చీరలు. రాత్రి పదకొండు దాటేసరికి ఆమె కుట్టు పొడుగయ్యేది. పగలు బియ్యపు గింజంత ఉన్న కుట్టు అప్పటికి చిక్కుడు గింజంత అయ్యేది. అది కంటపడగానే సూది చీరకే గుచ్చి లేచేది. "ఇప్పుడు కుట్టింది రేపు ఇప్పాల్సిందే, పడుకుంటా" అనేది.

ఈతలో ఇదే తిరగబడుతుంది. అలిసేకొద్దీ స్ట్రోక్, అంటే చేతి ఒక తిప్పు, పొట్టిదవుతుంది, వాటి లెక్క పెరుగుతుంది. చేతులు గబగబా తిరుగుతుంటాయి, మనిషి మాత్రం ముందుకి పోడు.

నేను బెంగళూరు వచ్చి పదహారేళ్ళయింది. మారతహళ్ళి వైపు ఒక 25 మీటర్ల పూల్‌లో పొద్దున ఐదున్నర బ్యాచ్ నాది. పిల్లల్లో సగం మంది మనవాళ్ళే: అనంతపురం, కర్నూలు, నెల్లూరు, ఒకరిద్దరు వరంగల్ వాళ్ళు. అమ్మానాన్నలు గేటు దగ్గర అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "ఈరోజు ఎన్ని ల్యాప్‌లు సర్?" మొదటి నాలుగైదేళ్ళు నేనూ గర్వంగా లెక్క చెప్పేవాణ్ణి.

తర్వాత ఒక ఏడాది పన్నెండేళ్ళ అమ్మాయిని 50 మీటర్ల పూల్‌లో పోటీకి తీసుకెళ్ళాను. ముందు నెలంతా రోజుకి మూడు కిలోమీటర్లు ఈదించాను. ఆమెది 200 మీటర్ల ఫ్రీస్టైల్. మొదటి 50 మీటర్లకి 46 స్ట్రోకులు. గ్యాలరీలో కూర్చుని వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతున్నాను. చివరి 50కి 61. కాళ్ళు కిందకి వేలాడిపోయాయి, ఊపిరికి తల మొత్తం పైకి లేస్తోంది. బయటికొచ్చి ఏడ్చింది, "చేతులు రాలేదు సర్" అంది. చేతులు రాకపోవడానికి కారణం నేనే. రోజూ మూడో కిలోమీటరులో ఆమె చేత సాధన చేయించింది అచ్చం ఆ 61 స్ట్రోకులనే. ఒళ్ళు నేర్పింది నేర్చుకుంటుంది, అది మంచో చెడో దానికి తెలియదు.

అప్పటినుంచి మెల్లగా మార్చుకుంటూ వచ్చిన పద్ధతి ఇది. పిల్లలకి నేర్పే కోచ్‌లకి, పిల్లల్ని సొంతంగా ఈదించే అమ్మానాన్నలకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు చూడండి, తర్వాత అరవండి

అలుపు ఒంటి మీద ఒకేసారి పడదు. ప్రతి పిల్లకీ ముందు ఒక చోట జారుతుంది. ఒకరికి తల, ఒకరికి మోచేయి, ఒకరికి గోడ దగ్గర టర్న్. ఆ ఒకటి జారాక మిగతావి దాని వెనకే పోతాయి. కోచ్‌గా మన మొదటి పని ఆ చోటు కనిపెట్టడం. అందరికీ కలిపి "టెక్నిక్! టెక్నిక్!" అని అరిస్తే ఎవరికీ ఏమీ అందదు.

దీనికి నేను నెలకోసారి ఒక పరీక్ష పెడతాను. పది నిమిషాలు వార్మప్. తర్వాత నాలుగు 50లు (50 మీటర్ల ఈతలు) నింపాదిగా, మధ్యలో బాగా విశ్రాంతి. ఇక్కడ స్ట్రోకులు లెక్కపెట్టి రాసుకుంటాను. రెండు చేతులూ లెక్కే. అది ఆ పిల్ల తాజా లెక్క. ఆ తర్వాత ఎనిమిది 50లు గట్టిగా, మధ్యలో 15 సెకన్లే విశ్రాంతి. ఈ ఎనిమిదింటిలో నేను నోరెత్తను. చూస్తాను, అంతే. ఒక్కసారికి ఇద్దరికి మించి చూడటం నావల్ల కాదు, మిగతావాళ్ళని అసిస్టెంట్ చూసుకుంటాడు.

ఎక్కడ చూడాలంటే ప్రతి పొడవులోనూ, అంటే ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా, చివరి ఏడెనిమిది మీటర్లు, గోడని తన్నాక మొదటి ఐదు మీటర్లు. మధ్యలో అందరూ బాగానే కనిపిస్తారు. లేన్ కొసన నిలబడి ఎదురుగా చూస్తే చేతులు తల ముందు అడ్డంగా దాటుతున్నాయో లేదో తెలుస్తుంది. పక్కనుంచి చూస్తే మోచేయి, తల, కాళ్ళు తెలుస్తాయి. మూడో 50లోనో నాలుగో 50లోనో ఒకటి జారుతుంది. దాన్ని మాత్రమే రాసుకోండి. ఆరో 50 వచ్చేసరికి అన్నీ జారతాయి, అప్పుడు చూసి లాభం లేదు.

ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది. కానీ వాళ్ళు పిల్లలు, ఒంటి మీద స్విమ్‌సూట్ ఉంటుంది. ముందే తల్లిదండ్రుల్ని అడగండి, పిల్లకి చూపించాక వాళ్ళ ఎదురుగానే తీసేయండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

ఊపిరి

నా నోట్‌బుక్‌లో సగానికి పైగా పేజీల్లో "ముందు జారింది" అన్న చోట ఊపిరి అని ఉంటుంది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

చాలామంది పిల్లలు నీళ్ళలో ఊపిరి వదలరు, బిగబడతారు. తాజాగా ఉన్నప్పుడు అది చెల్లుతుంది. అలిసినప్పుడు తల పక్కకి తిప్పిన ఆ అర సెకనులోనే పాత గాలి వదలాలి, కొత్తది పీల్చాలి. టైమ్ చాలదు. అందుకని తల ఇంకాస్త ఎత్తుతారు, ఇంకాస్త సేపు ఉంచుతారు. తల లేస్తే నడుము, కాళ్ళు దిగుతాయి, త్రాసు లాగా. కాళ్ళు దిగితే నీళ్ళకి అడ్డం పెరుగుతుంది. నీళ్ళ సాంద్రత గాలికి సుమారు 800 రెట్లు, పైగా వేగం రెట్టింపైతే నీటి అడ్డు దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఆ అడ్డాన్ని దాటడానికి ఇంకా గట్టిగా తన్నాలి. తొడల్లో పెద్ద కండరాలు పనిచేస్తే ఆయాసం ఇంకా పెరుగుతుంది. మళ్ళీ తల లేస్తుంది.

గట్టు మీదనుంచి మనకి కనిపించేది కాళ్ళు దిగడమే. నేను రెండేళ్ళపాటు "కాళ్ళు! కాళ్ళు!" అని అరిచాను. పాపం వాళ్ళు ఇంకా తన్నారు, ఇంకా మునిగారు. రోగం ముక్కు దగ్గరుంటే నేను మందు పాదాలకి రాస్తున్నాను.

విరుగుడు సులువే కానీ నెలలు పడుతుంది. వార్మప్‌లో గోడ పట్టుకుని ఇరవైసార్లు తల ముంచి, బుడగలు ఆగకుండా వదిలించండి. తర్వాత నీళ్ళలో "ఊఁ" అని రాగం తీస్తూ ఈదమనండి. రాగం వినిపిస్తోందంటే గాలి వదులుతున్నట్టే. చిన్నపిల్లలకి ఇది ఆట, ఎవరి పాట ఏమిటో కనిపెట్టమని పందెం పెడతాను. ఊపిరి తీసేటప్పుడు ఒక కన్ను, అంటే గాగుల్స్‌లో ఒక అద్దం, నీళ్ళలోనే ఉండాలి. ఈ గుర్తు చెబితే తల ఎంత తిప్పాలో వాళ్ళకే తెలుస్తుంది.

మూడు స్ట్రోకులకి ఒకసారి ఊపిరి తీయాల్సిందేనని పట్టుబట్టే కోచ్‌లు ఉన్నారు. రెండు వైపులా సమానంగా ఈదడానికి సాధనలో అది మంచిదే. అలిసిన పిల్లకి మాత్రం రెండు స్ట్రోకులకి ఒకసారి తీసుకోనివ్వండి. గాలి కావాలనుకోవడం తప్పు కాదు, దానికోసం తల ఎత్తడమే తప్పు.

ఈ మాటల్లోనే ఇంకొకటి. ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఎంత దూరం పోతావనే పందేలు మా పూల్‌లో నిషేధం. ముందు గబగబా ఊపిరి పీల్చి వదిలి తర్వాత మునిగితే, ఇక గాలి కావాలన్న హెచ్చరిక ఒంటికి అందకముందే స్పృహ పోవచ్చు. బాగా ఈత వచ్చినవాళ్ళు కూడా దీనికి బలవుతారు. దమ్ము పెంచడానికి వేరే దారులు చాలా ఉన్నాయి.

మోచేయి, గోడ, మిగతావి

నీళ్ళు పట్టేటప్పుడు మోచేయి పైన, వేళ్ళు కిందికి ఉండాలి. సిమెంటు తొట్టి గట్టు మీదుగా చెయ్యి వేసి లోపలి నీళ్ళు తోడినట్టు. అలిసిన చేతికి మోచేయే ముందు కూలుతుంది. అప్పుడు అరచెయ్యి నీటిని వెనక్కి తొయ్యదు, కత్తిలా జారిపోతుంది. ఇలాంటి పిల్లకి గట్టి 50ల మధ్యలో పిడికిలి బిగించి ఒక 25 ఈదిస్తాను. పిడికిలితో అరచెయ్యి పనిచెయ్యదు కాబట్టి ముంజేయి పని చేయక తప్పదు. వెంటనే చెయ్యి తెరిచి ఇంకో 25. "నీళ్ళు బరువుగా తగిలాయి సర్" అంటారు. ఆ మాట కోసమే ఇదంతా. సెషన్ చివర్లో ప్యాడిల్స్ (అరచేతికి తగిలించే ప్లాస్టిక్ పలకలు) మాత్రం వేయించను. అలిసి, వంకరపోయిన భుజం మీద ప్యాడిల్ బరువు వేయడమంటే నొప్పిని పిలిచి కూర్చోబెట్టడం.

గోడ దగ్గర దొంగతనాలు జరుగుతాయి. అలిసిన పిల్ల టర్న్ తర్వాత చేతులు సగమే చాచి, వెంటనే తల ఎత్తి ఊపిరి తీసేస్తుంది. గోడ తన్ను ఇచ్చిన వేగమంతా అక్కడే పోతుంది. మా నియమం: గోడ తర్వాత మొదటి స్ట్రోక్‌కి ఊపిరి లేదు, బ్యాక్‌స్ట్రోక్ జెండాల దాకా చేతులు బాణంలా ఉండాలి. పూల్ మీద అడ్డంగా కట్టే ఆ జెండాలు గోడకి 5 మీటర్ల దూరంలో ఉంటాయి, వేరే గుర్తు అక్కర్లేదు. పోటీ నియమాల్లో 15 మీటర్ల దాకా నీటి లోపల ఉండొచ్చు కానీ నా పిల్లలకి ఐదు చాలు.

బ్యాక్‌స్ట్రోక్‌లో నడుము దిగి కుర్చీలో కూర్చున్నట్టవుతుంది. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో జారుడు మాయమై చేతులూ కాళ్ళూ ఒకేసారి కొట్టుకుంటాయి. బటర్‌ఫ్లైని నేను అలిసిన పిల్లల చేత అసలు చేయించను. నాలుగు మంచి స్ట్రోకులు, మిగతా దూరం ఫ్రీస్టైల్. చచ్చీచెడీ చేసిన బటర్‌ఫ్లై వందసార్లు చేసినా బటర్‌ఫ్లై రాదు.

ఒక్క మాట

జారే చోటు తెలిశాక పిల్లకి ఒకే ఒక మాట ఇవ్వండి. "ఊదు." లేదా "మోచేయి." లేదా "జెండా." రెండు మాటలిస్తే రెండూ పోతాయి. ఆ మాట ఇంటి భాషలో ఉంటే మంచిదని నా అనుభవం. మా బ్యాచ్‌లో కన్నడ పిల్లకి కన్నడలో, మనవాళ్ళకి తెలుగులో ఇస్తాను. గుండె దడదడలాడుతున్నప్పుడు మెదడుకి తర్జుమా చేసే ఓపిక ఉండదు.

ఈదేవాళ్ళకి మన అరుపు సరిగ్గా వినిపించదు. అందుకని మాట గోడ దగ్గర చెప్పాలి, ఈదుతుండగా సైగ చేయాలి. నేను నా మోచేయి తట్టుకుంటాను. అది చూసి తనే సర్దుకుంటే ఆ పిల్లకి ఇంకా ఓపిక ఉన్నట్టు. మూడుసార్లు తట్టినా సర్దుకోలేదంటే ఆపాలి. అమ్మ సూది గుచ్చి లేచింది ఇలాంటప్పుడే.

సెట్లు

అలుపులో టెక్నిక్ నిలవాలంటే అలుపులో సాధన చేయాలి. తాజాగా ఉన్నప్పుడు ఎంత అందంగా ఈదినా అది దానంతటదే చివరి 50కి రాదు. అయితే అలుపు చెంచాడు చెంచాడు పొయ్యాలి, బకెట్‌తో కాదు.

మొదటి నెల: గట్టిగా 75, ఆగకుండా వెంటనే 25 నెమ్మదిగా, ఎంత అందంగా వస్తే అంత. ఇలా ఆరుసార్లు, మధ్యలో 30 సెకన్లు. ఆ నెమ్మది 25లో తన ఒక్క మాట మీదే ధ్యాస. రొప్పుతూ కూడా ఒళ్ళు సర్దుకోవచ్చని పిల్లకి మొదటిసారి తెలిసేది ఇక్కడే.

రెండో నెల నుంచి హద్దు సెట్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పన్నెండు 50లు, మధ్యలో 20 సెకన్లు. ప్రతి పిల్లకీ తాజా లెక్క మీద పొడవుకి రెండు స్ట్రోకులు కలిపి హద్దు పెడతాను. 25 మీటర్లకి తాజాగా 20 అయితే హద్దు 22. దాటితే తర్వాతి 50 కూర్చోవాలి, ఆ తర్వాత మళ్ళీ దిగాలి. రెండోసారి దాటితే ఆ రోజుకి ఆ సెట్ అయిపోయినట్టే. ఇది శిక్ష కాదని మొదటి వారం పదిసార్లు చెప్పాల్సి వస్తుంది, అమ్మానాన్నలకైతే ఇరవైసార్లు. తప్పుడు లెక్క చెప్పే పిల్లలు ఉంటారు. మందలించకండి, పక్క లేన్ పిల్లని లెక్కపెట్టమనండి.

ఆ రెండు స్ట్రోకులకి అంత విలువేమిటని ఒక తండ్రి అడిగాడు, ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, లెక్క కావాలి. ఇచ్చాను. గోడ తన్నితే 5 మీటర్లు పోతుంది, మిగిలింది 20. ఇరవై స్ట్రోకులైతే ఒక్కోటి మీటరు. 22 అయితే 91 సెంటీమీటర్లు. అంటే ప్రతి స్ట్రోక్‌కీ తొమ్మిది సెంటీమీటర్లు పోతోంది. చిన్న తేడా విలువకి ఇంకో లెక్కా చెప్పాను: 2021 జూన్‌లో రోమ్‌లో సజన్ ప్రకాష్ 200 బటర్‌ఫ్లైని 1:56.38లో ఈది, ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత సాధించిన మొదటి భారతీయ స్విమ్మర్ అయ్యాడు. అర్హత సమయం 1:56.48. పదో వంతు సెకను తేడా. ఆ తర్వాత ఆ తండ్రి గేటు దగ్గర ల్యాప్‌ల గురించి అడగడం మానేశాడు, హద్దు ఎంత అని అడుగుతున్నాడు. అదీ తలనొప్పే అనుకోండి.

లెక్కనీ స్టాప్‌వాచ్‌నీ కలిపి చదవాలి. స్ట్రోకులు పెరిగినా టైమ్ అలాగే ఉంటే పిల్ల ఓపికతో నెట్టుకొస్తోంది, ఇంకో రెండు 50లు చూడొచ్చు. రెండూ పెరిగితే తెగిపోయినట్టే, ఆపండి. స్ట్రోకులు అలాగే ఉండి టైమ్ మాత్రం రెండు మూడు సెకన్లు పెరిగితే చాలామంది కోచ్‌లు తిడతారు. నేను వీపు తడతాను. బలం తగ్గినా రూపం నిలబెట్టింది కదా. బలం తర్వాత వస్తుంది. అయితే హద్దు కోసం మోసం చేసే దారి ఒకటుంది: ప్రతి స్ట్రోక్‌కీ చెయ్యి ముందు చాపి ఆగిపోవడం. లెక్క తగ్గుతుంది, ఈత చచ్చిపోతుంది. టైమ్ ఐదారు సెకన్లు పెరిగిందంటే అదే జరుగుతున్నట్టు.

మూడోది 25 మీటర్ల పూల్ వాళ్ళకి. 25లో 100 ఈదితే మూడు టర్న్‌లు, 50లో ఒకటే. ప్రతి టర్న్‌లోనూ చేతులకి రెండు సెకన్ల విరామం దొరుకుతుంది. దానికి అలవాటుపడ్డ పిల్లలు పెద్ద పూల్‌లో 35 మీటర్లకే చేతులెత్తేస్తారు. అందుకని వారానికోసారి గోడ ముట్టకుండా ఈదిస్తాను: జెండాల కిందే వెనక్కి తిరగాలి, తన్నడానికి గోడ ఉండదు. నాలుగు 100లు చేస్తే చాలు. నెలకోసారి కుదిరితే బసవనగుడి అక్వాటిక్ సెంటర్ లాంటి 50 మీటర్ల పూల్ ఉన్న చోట ఈదించండి. పోటీ రోజే మొదటిసారి చూపించకండి, టెన్షన్‌కి సగం కారణం అదే.

అలుపు కానివి

భుజం ముందువైపు పోటు పెడుతోందంటే అది అలుపు కాదు. ఆ రోజుకి చేతులు ఆపి కాళ్ళ పని చేయించండి, రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టర్‌కి చూపించమనండి. పెదవులు నీలంగా మారి వణుకుతుంటే వెంటనే బయటికి తీసి టవల్ చుట్టండి. డిసెంబరులో బెంగళూరు తెల్లవారుజామున, వేడి చేయని పూల్‌లో వేళ్ళు కొయ్యబారి విడిపోతాయి. చేతులు నీళ్ళు పట్టవు. చూసేవాళ్ళకి అది బద్ధకంలా ఉంటుంది. పోటీలకి నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నియమం పెట్టారు ఊరికే కాదు.

ఇంకా మామూలు కారణం ఆకలి. ఐదున్నరకి దిగే పిల్ల రాత్రి ఎనిమిదింటికి తిని ఉంటుంది. దిగే ముందు ఒక అరటిపండో, రెండు వేరుశనగ చిక్కీ ముక్కలో తినమంటాను. మంచినీళ్ళ బాటిల్ గట్టు మీద ఉండాలి. నీళ్ళలో ఉన్నా చెమట పడుతుంది, తెలియదంతే. అయ్యాక స్కూల్ బస్సులో తినడానికి ఇడ్లీయో, ఉడికిన గుడ్డో డబ్బాలో పెట్టమని తల్లులకి చెబుతాను. పరీక్షల రోజుల్లో నిద్ర చాలక వచ్చిన పిల్లకి హద్దు సెట్ పెట్టడం నాకే సిగ్గు. ఆ రోజు బుడగలు, డ్రిల్స్, ఇంటికి.

పెద్దవాళ్ళు నేర్చుకోవడానికి వస్తే ఇదే పద్ధతి, హద్దు మాత్రం ఇంకా దగ్గర పెట్టండి. నలభై ఏళ్ళ మనిషి పంతానికి పోయినంత పిల్లలు పోరు.

చివరగా నోట్‌బుక్. పిల్లకో పేజీ, నాలుగే గడులు: తాజా లెక్క, ముందు జారింది, ఇచ్చిన మాట, ఎన్నో 50 దగ్గర జారింది. చివరి గడిలో అంకె మూడు నుంచి ఆరుకి, ఆరు నుంచి తొమ్మిదికి పోతుంటే మన పని జరుగుతున్నట్టు. ఎన్ని కిలోమీటర్లో రాసే గడి లేదు.

ఆ 61 స్ట్రోకుల అమ్మాయికి ఇచ్చిన మాట "ఊదు". మరుసటి ఏడాది అదే దూరం, 50 మీటర్ల పూల్‌లోనే: 46, 48, 49, 51. నేను కణుపుల మీద లెక్కపెట్టడం తనకి నీళ్ళలోంచే కనిపించిందట, బయటికి రాగానే "ఎంత సర్?" అంది. టైమ్ అడగలేదు. తర్వాతి నెలలో బటర్‌ఫ్లై మొదలుపెట్టి కొత్త పేజీ తెరిచాం. అక్కడ ఆమెకి ముందు జారింది ఊపిరి కాదు, మోకాళ్ళు.